కారు ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి 19,400 అడుగుతున్నారు, ఎక్కడ తగ్గించుకోవచ్చు?

పాయకాపురం రవి (విజయవాడ):

అందరికీ నమస్కారం. మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1197 సీసీ. 2022 సెప్టెంబర్‌లో కొన్నాం. ఈ నెలాఖరుకి ఇన్సూరెన్స్ అయిపోతోంది. ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. పోయినేడు షోరూమ్‌లోనే 13 వేల లోపు కట్టాం. ఈసారి అదే షోరూమ్ వాళ్లు 19,400 అంటున్నారు. కారు పాతబడుతుంటే ప్రీమియం తగ్గాలి కదా అని అడిగితే "రేట్లు పెరిగాయి సార్" అన్నారు. ఆన్‌లైన్‌లో వేరే కంపెనీది 11,111కే చూపిస్తోంది. ఇంత తేడా చూసి టెన్షన్ పట్టుకుంది. రెండు కొటేషన్లూ ఇక్కడ పెడుతున్నా.

షోరూమ్: ఐడీవీ (కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే విలువ) 5,10,000. ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి కట్టేది) 10,200, అందులో ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) 25 శాతం తీసేసి 7,650. జీరో డెప్ (రిపేర్‌లో భాగాల తరుగు కోయకుండా ఇచ్చే కవర్) 2,800, కన్స్యూమబుల్స్ (ఆయిల్, నట్లు లాంటివాటికి) 500, తాళం చెవి కవర్ 400, టైర్ కవర్ 1,100, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ 200. థర్డ్ పార్టీ 3,416. యజమాని ప్రమాద బీమా 375. ఆపైన జీఎస్టీ.

ఆన్‌లైన్: ఐడీవీ 4,20,000. ఓన్ డ్యామేజ్ 6,000, ఎన్‌సీబీ 35 శాతం పోను 3,900. జీరో డెప్ 2,100. థర్డ్ పార్టీ 3,416. జీఎస్టీ.

ఏది తీసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సర్వేయర్ (రాజమండ్రి):

రవి గారూ, ముందు మీ మొదటి అనుమానం తీరుస్తాను. పెరిగింది రేటు కాదు. మీకు ఇప్పుడు థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికి కట్టేది, కొత్తగా కలిసింది.

సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ, కొత్త టూవీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ కొనేటప్పుడే కట్టించుకుంటున్నారు. మీ కారు 1000 నుంచి 1500 సీసీ మధ్యది కాబట్టి 2022లో దానికి 10,640 కట్టి ఉంటారు. ఆన్‌రోడ్ ధరలో కలిసిపోయింది కనుక గుర్తుండదు. తర్వాత రెండు రెన్యువల్స్‌లో మీరు కట్టింది ఓన్ డ్యామేజ్ ఒక్కటే. ఇప్పుడు మూడేళ్లు నిండాయి కాబట్టి ఏటా 3,416, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 4,031 అదనంగా పడుతుంది. ఈ థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది. ఇది 2022 జూన్ 1న వచ్చిన రేటు. ఏ కంపెనీకి వెళ్లినా ఇంతే, దీని మీద బేరం ఉండదు.

ఇక షోరూమ్ కొటేషన్‌లో ఒక తప్పు కనిపిస్తోంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే ఎన్‌సీబీ 20 శాతం, రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, అయిదేళ్లకి 50. మీకు మూడేళ్లు నిండాయి. 35 రావాలి. వాళ్లు పోయినేటి 25నే వేశారు. దీనివల్లే 1,020, జీఎస్టీతో కలిపి దాదాపు 1,200 ఎక్కువ అడుగుతున్నారు. ఇది మీ హక్కు, గట్టిగా అడగండి.

కూకట్‌పల్లి లక్ష్మి:

నేనైతే ఆన్‌లైన్‌దే తీసుకుంటాను. ఎనిమిది వేలు తేడా అంటే చిన్న విషయమా? జీరో డెప్ కూడా ఉంది కదా అందులో.

పాత సర్వేయర్:

లక్ష్మి గారూ, ఆ తేడా అంతా చౌక వల్ల వచ్చింది కాదమ్మా. ఐడీవీ చూడండి. ఒకచోట 5.1 లక్షలు, ఇంకోచోట 4.2 లక్షలు.

కారు దొంగతనం జరిగినా, రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటి టోటల్ లాస్ అయినా కంపెనీ ఇచ్చేది ఐడీవీనే. మోడల్ ప్రస్తుత షోరూమ్ ధరలోంచి తరుగు తీసేస్తే ఐడీవీ వస్తుంది. ఆరు నెలల లోపు కారుకి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50. అయిదేళ్లు దాటితే మనమూ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవడమే. రవి గారి మోడల్ షోరూమ్ ధర ఇప్పుడు 8.2 లక్షలు అనుకుంటే, మూడేళ్లు దాటుతోంది కాబట్టి 40 శాతం పోను 4.92 లక్షలు. షోరూమ్ వేసింది కాస్త ఎక్కువ, ఆన్‌లైన్ వేసింది బాగా తక్కువ. కొన్ని సైట్లు ధర చౌకగా కనిపించడానికి అతి తక్కువ ఐడీవీని ముందే పెట్టేస్తాయి. మార్చుకునే వీలుంటుంది, మనం మార్చాలి.

ఐడీవీ తగ్గించి ప్రీమియం తగ్గించుకోవడం నేను ఎవరికీ చెప్పను. ఏడాదికి వెయ్యి, పదిహేను వందలు మిగులుతాయి. పోయిన రోజున డెబ్బై వేలు పోతాయి.

ఓరుగల్లు అన్న:

అన్నా, జీరో డెప్ నిజంగా అవసరమా? మూడేళ్ల కారుకి 2,800 పెట్టడం దండగ అనిపిస్తోంది. మా బావ కారుకి తీసేయించా.

పాత సర్వేయర్:

లెక్క వేసి చూద్దాం. సిటీలో మామూలుగా జరిగేది ముందు వైపు దెబ్బ. బంపర్ 6,000, హెడ్‌లైట్ 9,000, బానెట్ 8,000, పెయింటింగ్ 8,000, లేబర్ 5,000 అనుకోండి. బిల్లు 36,000.

జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకి, టైర్లకి, బ్యాటరీకి సగమే ఇస్తారు. అంటే బంపర్, హెడ్‌లైట్ కలిపి 7,500 మన జేబులోంచి. ఇనుప భాగాలకి కారు వయసుని బట్టి తరుగు, మూడు నుంచి నాలుగేళ్ల కారుకి 25 శాతం, కాబట్టి బానెట్‌కి 2,000. పెయింటింగ్ బిల్లు మొత్తంగా ఇస్తే అందులో నాలుగో వంతుని రంగు ఖర్చుగా తీసుకుని దానిలో సగం కోస్తారు, అది 1,000. కంపల్సరీ డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం, 1500 సీసీ దాకా 1,000, ఇది జీరో డెప్ ఉన్నా తప్పదు. మొత్తం 11,500 మీరు కట్టాలి. జీరో డెప్ ఉంటే దాదాపు ఆ వెయ్యితో అయిపోతుంది. అద్దానికి మాత్రం ఎలాగూ తరుగు లేదు.

కారు రోజూ ట్రాఫిక్‌లో తిరిగేదైతే మీ బావగారికి మళ్లీ పెట్టించమనే చెప్తాను. పదేళ్ల కారుకి మాత్రం వద్దు, ఆ వయసులో చాలా కంపెనీలు ఇవ్వవు కూడా. ఏడాదికి ఇన్ని క్లెయిమ్‌లే అని పరిమితి ఉంటుంది, చాలా పాలసీల్లో రెండే. అది చదువుకోండి.

ఓరుగల్లు అన్న:

లెక్క అర్థమైందన్నా. బావ కారు హనుమకొండ నుంచి హైదరాబాద్ వారం వారం పోతది. రేపే ఏజెంట్‌కి ఫోన్ చేస్తా.

నున్న రోడ్డు సుధ (విజయవాడ):

రవి గారూ, మీరు పాయకాపురం అంటున్నారు. మీ రెండు కొటేషన్లలోనూ ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఇచ్చే కవర్) లేదు. అది చూసి ఆగలేక రాస్తున్నా.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఏమైపోయాయో మనందరం చూశాం. కార్ల టాప్‌లు మాత్రమే కనిపించాయి. మా వీధిలో నీళ్లు తగ్గాక ఒకాయన కారు స్టార్ట్ అవుతుందేమో అని తాళం తిప్పాడు. సిలిండర్లలోకి చేరిన నీళ్లతో కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి సీట్లు, వైరింగ్, క్యాబిన్ అన్నీ రాసుకున్నాడు గానీ ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి ఇది వరద వల్ల జరిగిన నష్టం కాదు, నీళ్లున్న ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని రాశాడు. మామూలు కాంప్రెహెన్సివ్ పాలసీలో వరద కవర్ అవుతుంది, ఇది మాత్రం కాదు. పక్కింటివాళ్లు కారు ముట్టుకోకుండా కంపెనీకి ఫోన్ చేసి టోయింగ్‌లో పంపారు. వాళ్లకి అంతా వచ్చింది.

తాళం చెవికీ టైర్లకీ కలిపి 1,500 అడిగిన షోరూమ్, మన ఏరియాలో అమ్మే కారుకి ఇంజిన్ కవర్ ఎందుకు చెప్పలేదు? నాకు నిజంగా కోపం వస్తోంది. మనం ఉండే చోటికి ఏది కావాలో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లకి ఉంది. దయచేసి ఆ రెండూ తీసేసి ఇది పెట్టించండి.

పాయకాపురం రవి:

సుధ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. అప్పుడు మా కారు గన్నవరంలో మా అత్తగారి ఇంటి దగ్గర ఉండబట్టి బయటపడింది. ఇంజిన్‌కి వేరే కవర్ ఉంటుందనే సంగతి ఇప్పుడే వింటున్నా.

పాలసీ మిత్ర (తెనాలి, ఏజెంట్):

సుధ గారు చెప్పింది అక్షరాలా నిజం. కృష్ణా, బుడమేరు పక్కనున్న ఊళ్లు, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మునిగిన కాలనీలు, వీటిలో ఉన్న నా కస్టమర్లకి ఇంజిన్ కవర్ లేకుండా పాలసీ రాయను. కొండ మీద, ఎత్తు ప్రాంతంలో ఉండేవాళ్లకి మానేయమని నేనే చెప్తాను.

రవి గారికి ఇంకో మూడు సంగతులు. యజమాని ప్రమాద బీమా 15 లక్షలది ఒక మనిషికి ఒకటి చాలు, బండికి ఒకటి అక్కర్లేదు. మీ పేరు మీదున్న స్కూటర్ పాలసీలో అది ఉంటే కారుకి 375 కట్టక్కర్లేదు, ఉందని డిక్లరేషన్ ఇస్తే చాలు. ఎక్కడా లేకపోతే మాత్రం తీసేయొద్దు. ఇంట్లో సంపాదించే మనిషి పోతే ఆ 15 లక్షలే ఆధారం.

రెండోది వాలంటరీ డిడక్టిబుల్. చిన్న రిపేర్లు నేనే భరిస్తా, 5,000 దాటితేనే ఇవ్వండి అని ఒప్పుకుంటే ఓన్ డ్యామేజ్‌లో తగ్గింపు ఇస్తారు. పాత టారిఫ్‌లో 5,000కి 25 శాతం, అదీ 1,500కి మించకుండా ఉండేది. కంపెనీని బట్టి మారుతుంది. చేతిలో అత్యవసర డబ్బు ఎప్పుడూ ఉండేవాళ్లకి మంచిది, నెలాఖరుకి కటకటలాడేవాళ్లకి కాదు.

మూడోది, గడువు దాటనివ్వొద్దు. ఒక్కరోజు దాటినా కారు తనిఖీ అంటారు, ఆ రోజుల్లో జరిగినదానికి కవర్ ఉండదు. 90 రోజులు దాటితే ఎన్‌సీబీ పూర్తిగా పోతుంది.

గచ్చిబౌలి చైతన్య:

ఇంటి నుంచే పని కాబట్టి నా కారు ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. తిరిగిన కిలోమీటర్లని బట్టి కట్టే పే యాజ్ యూ డ్రైవ్ పాలసీలు ఎలా ఉన్నాయి? ఇంకోటి. పోయిన వారం పార్కింగ్‌లో బంపర్ గీసుకుపోయింది, రిపేర్ 4,000 అంటున్నారు. క్లెయిమ్ చేయాలా వద్దా? ఎన్‌సీబీ ఇప్పుడు 35 ఉంది, ఓన్ డ్యామేజ్ బేస్ 6,000.

పాలసీ మిత్ర:

చైతన్య గారూ, క్లెయిమ్ చేయొద్దు. డిడక్టిబుల్ వెయ్యి పోను మీకు వచ్చేది మహా అయితే 3,000. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడు మీకు 45 శాతం, అంటే 2,700. జీఎస్టీ కలిపితే 3,186. అది ఒక్క ఏడాదికే. ఆపై ఏడాది 50 శాతం రావాల్సిన చోట 20 వస్తుంది, అక్కడ ఇంకో 1,800 పోతుంది.

కిలోమీటర్ల పాలసీలకి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జూలైలో అనుమతి ఇచ్చింది. మీలాంటివాళ్లకి ఓన్ డ్యామేజ్‌లో బాగానే తగ్గుతుంది. కానీ ఒప్పుకున్న కిలోమీటర్లు దాటాక ఏమవుతుందో కంపెనీకో రకంగా ఉంటుంది. టాప్‌అప్ కొనుక్కునే వీలుందో లేదో చూసి తీసుకోండి. సంక్రాంతికి కోనసీమ దాకా వెళ్లొస్తేనే వెయ్యి కిలోమీటర్లు అవుతాయి.

గచ్చిబౌలి చైతన్య:

స్పష్టంగా చెప్పారు. సొంత డబ్బులతోనే చేయించేస్తా. మా నాన్నగారి పాత కారు పన్నెండేళ్లది, దానికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంచుదామనుకుంటున్నా. ఐడీవీ లక్షన్నర కూడా లేదు.

పాత సర్వేయర్:

అది ఆలోచించాల్సిందే. పోతే మరొకటి కొనుక్కునే స్తోమత ఉంటే థర్డ్ పార్టీ చాలు. ఆ కారే నాన్నగారికి ఆధారమైతే ఉంచండి.

నెల్లూరు వకీలు:

థర్డ్ పార్టీ మాట వచ్చింది కాబట్టి నాలుగు మాటలు. మోటారు ప్రమాద పరిహార కేసులు రోజూ చూస్తుంటాను. అందరూ తమ కారు గీతల గురించి లెక్కలు వేస్తారు. అసలు భయపడాల్సింది ఇంకొకరికి మనవల్ల జరిగే నష్టానికి.

ముప్పై ఏళ్ల తాపీమేస్త్రీ, నెలకి 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. బైక్ గుద్ది ఆయన చనిపోయాడు అనుకోండి. సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేథీ కేసులో చెప్పినట్టు సొంతంగా పని చేసుకునే నలభై లోపు మనిషికి భవిష్యత్తు సంపాదన కింద 40 శాతం కలపాలి, 21,000 అవుతుంది. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకి దీన్ని హెచ్చించాల్సిన గుణకం 17. మొత్తం 32,13,000. దానిపై అంత్యక్రియలు వగైరా పద్దులు, వడ్డీ.

బండికి ఇన్సూరెన్స్ ఉంటే ఇదంతా కంపెనీ కడుతుంది. థర్డ్ పార్టీ మరణానికి, గాయాలకి పాలసీలో పరిమితి లేదు, ఆస్తి నష్టానికి మాత్రం కారుకి ఏడున్నర లక్షలు, టూవీలర్‌కి లక్ష. ఇన్సూరెన్స్ లేకపోతే బండి యజమాని కట్టాలి. పొలం, ఇల్లు జప్తుకి వచ్చిన కేసులు నా చేతుల మీదుగా నడిచాయి. ఎవరికీ డబ్బు సరిగ్గా అందదు, చనిపోయినవాడి పిల్లలూ రోడ్డున పడతారు, గుద్దినవాడి పిల్లలూ పడతారు.

2022 రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ టూవీలర్‌కి ఏడాది థర్డ్ పార్టీ 714. జీఎస్టీతో 843. ఊళ్లలో అయిదేళ్ల పాలసీ అయిపోయాక బైక్‌లకి మళ్లీ కట్టేవాళ్లు తక్కువ. దొరికితే మొదటిసారి జరిమానా 2,000, మళ్లీ దొరికితే 4,000, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. జరిమానా కోసం కాకపోయినా పై లెక్క కోసమైనా కట్టండి, మీ ఊళ్లో నలుగురికి చెప్పండి.

ఇంకో విషయం. లైసెన్సు లేనివాడికి బండి ఇస్తే, కంపెనీ బాధితులకి ముందు కట్టినా తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చాలా కేసుల్లో ఆదేశిస్తుంది. ఇంటర్ పిల్లలకి బండి ఇచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గూడెం టీచర్:

వకీలు గారూ, మా బడి పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మీ లెక్క పెట్టొచ్చా? పదో తరగతి పిల్లలు ముగ్గురేసి స్కూటీల మీద వస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు.

నెల్లూరు వకీలు:

తప్పకుండా పెట్టండి టీచర్ గారూ. మైనర్ నడిపి ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా ఉంటుందని కూడా రాయండి. మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో వచ్చింది.

ఓరుగల్లు అన్న:

నాదొక డౌట్. పాత కారు అమ్మి కొత్తది తీసుకుంటున్నా. పాతదానికి 50 శాతం ఎన్‌సీబీ ఉంది. అది కారుతో పాటు కొన్నోడికి పోతదా?

పాలసీ మిత్ర:

పోదు. ఎన్‌సీబీ మనిషిది, కారుది కాదు. అమ్మాక పాత కంపెనీకి అమ్మిన కాగితం, ఆర్‌సీ బదిలీ వివరం ఇచ్చి ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి. మూడేళ్ల దాకా చెల్లుతుంది. కొత్త కారు మొదటి ఏడాది ఓన్ డ్యామేజ్ ఎక్కువ ఉంటుంది, దానిలో సగం తగ్గుతుంది. ఇది షోరూమ్‌లో తమంతట తాము చెప్పేవాళ్లు అరుదు. డబ్బు కట్టకముందే లెటర్ చూపించండి. మీ కారు కొన్నవాళ్లని 14 రోజుల్లో పాలసీ తమ పేరుకి మార్పించుకోమనండి.

నున్న రోడ్డు సుధ:

క్లెయిమ్ అన్యాయంగా కోసేస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా ఎవరైనా రాయండి. మా వీధిలో చాలామంది ఇచ్చింది తీసుకుని ఊరుకున్నారు.

నెల్లూరు వకీలు:

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ తేల్చి చెప్పిన ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో, 155255 నంబర్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. సర్వే రిపోర్ట్ కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి, వాదన అంతా దాని మీదే నడుస్తుంది.

పాయకాపురం రవి:

పని అయిపోయిందండీ. షోరూమ్‌కి వెళ్లి ఎన్‌సీబీ 35 ఎందుకు వేయలేదని అడిగాను. సిస్టమ్‌లో పాతది ఉండిపోయిందన్నారు, సరిచేశారు. టైర్, తాళం చెవి తీసేసి ఇంజిన్ కవర్ పెట్టమంటే 16 వేలు దాటింది. దాదాపు అదే ఐడీవీ, అవే కవర్లు పెట్టి ఇంకో రెండు కంపెనీలతో పోల్చాను. చివరికి తీసుకున్నది ఇది: ఐడీవీ 4,95,000, ఓన్ డ్యామేజ్ 7,800, ఎన్‌సీబీ పోను 5,070. జీరో డెప్ 2,300, ఇంజిన్ ప్రొటెక్ట్ 900, కన్స్యూమబుల్స్ 400, థర్డ్ పార్టీ 3,416. జీఎస్టీతో మొత్తం 14,261. ప్రమాద బీమా స్కూటర్ పాలసీలో ఉంది కాబట్టి ఇక్కడ తీసుకోలేదు. షోరూమ్ మొదట చెప్పినదాని కంటే అయిదు వేలు తక్కువ, వాళ్లు ఇవ్వని ఇంజిన్ కవర్ కూడా వచ్చింది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

పాత సర్వేయర్:

చాలా మంచి పాలసీ తీసుకున్నారు. కాగితం రాగానే ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్, తయారైన సంవత్సరం ఆర్‌సీతో సరిచూసుకోండి. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొత్త గడువు తేదీ కనిపించేదాకా వదలొద్దు. మీ క్యాష్‌లెస్ గ్యారేజీలు విజయవాడలో ఎక్కడున్నాయో ఇప్పుడే చూసి నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. ఏదైనా జరిగితే బండి కదపకముందే ఫొటోలు తీయండి, సర్వే అయ్యేదాకా రిపేర్ మొదలుపెట్టనివ్వొద్దు.

గూడెం టీచర్:

రవి గారి కొటేషన్ చూసి మా వారి కారు పాలసీ తీసి చూశాను. ఎన్‌సీబీ సున్నా అని ఉంది. మేం రెండేళ్లుగా ఏ క్లెయిమూ చేయలేదు. ఇప్పుడు మధ్యలో సరిచేయిస్తారా?

పాలసీ మిత్ర:

టీచర్ గారూ, పాత పాలసీ కాపీ జత చేసి ఇప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టండి. పాత కంపెనీ నుంచి క్లెయిమ్ లేదని నిర్ధారణ వస్తే సరిచేయమని అడిగే హక్కు మీకుంది. పాత పాలసీలో ఎన్‌సీబీ ఎంత ఉందో ఇక్కడ రాయండి, ఇప్పుడు ఎంత రావాలో లెక్క చెప్తాను.